హాస్యపాత్రలకు వరస మినహాయింపు

వరస తెలియని ఇద్దరు మనుషులు ఒకే గుడారంలో పడుకోరాదన్నది మా మండలి ఏడో నియమం. చదివి నవ్వొస్తే నవ్వుకోండి, నాకేం పోయింది. నియమం రాసింది నేను కాదు. నేను సభ్య కార్యదర్శిని. పైవాళ్ళు అన్న మాటకి ఫైలు పెట్టి, నంబరు వేసి, కింద సంతకం చేసేవాణ్ణి. ఆ సంతకం లేనిదే ఏ విదేశీ వీడియో ఆటా తెలుగులో విడుదల కాదు. అంత గొప్ప సంతకం నాది. ఇంట్లో మాత్రం పాలవాడు కూడా దాన్ని లెక్కచెయ్యడు.

మండలి పూర్తి పేరు వీడియో క్రీడా సంస్కార పరిశీలనా మండలి. ఆఫీసు విజయవాడలో, ఒక టైల్స్ దుకాణం పై అంతస్తులో. అధ్యక్షులు వల్లూరి దశరథరామయ్య గారు. ఉద్యోగంలో ఉన్నంతకాలం వారు ఏ ఫైలుకీ ఔననలేదు, కాదనలేదు. అంతటి నిష్పాక్షికతని ప్రభుత్వం ఊరికే పోనిస్తుందా, రిటైరవగానే పిలిచి ఈ కుర్చీలో కూర్చోబెట్టింది.

ఏడో నియమం పుట్టింది వారింట్లోనే. మనవరాలు జపాన్ వాళ్ళ ఆటేదో ఆడుతుంటే వెనక నిలబడి చూశారట. తెర మీద ఒక కుర్రాడు, ఇద్దరమ్మాయిలు, ఓ ముసలి మంత్రగాడు, మాట్లాడే పిల్లి కలిసి ఊళ్ళు తిరుగుతున్నారు. "వీళ్ళంతా ఒకరికొకరు ఏమవుతారే?" అని అడిగారు. "ఏమీ కారు తాతయ్యా, కలిసి తిరుగుతారంతే" అంది ఆ పిల్ల. వారికి ఆ పూట అన్నం సయించలేదు.

"తెలుగువాడు బస్సెక్కితే కండక్టరుని అన్నా అంటాడు. కూరలమ్మే ఆవిడని పిన్నీ అంటాడు. వరస లేని సంబంధం మన సంస్కృతిలో సాంకేతికంగా ఉనికిలో లేదు. కావున..." అన్నారు సమావేశంలో. వారు 'కావున' అన్నాక ఆపడం ఎవరి తరమూ కాదు.

వరసలు తేల్చడానికి కొమాండూరి రంగాచార్యుల వారిని సభ్యులుగా వేశారు. పెద్దాయన. ఏ పెళ్ళిపందిట్లో కూర్చోబెట్టినా, ఎవరికి ఎవరు ఏమవుతారో తడుముకోకుండా చెప్పగల మనిషి. మహిళా సభ్యురాలు హైమవతి గారు. సభలూ, సన్మానాలూ, తాంబూలాలూ ఆవిడ చూసుకునేవారు.

మొదట్లో పని సాఫీగానే సాగింది. ఒక ఆటలో కత్తులమ్మే వాణ్ణి కథానాయకుడికి బాబాయిని చేశాం. సొంత బాబాయి డబ్బు తీసుకుని కత్తి ఇవ్వడమేమిటని ఆచార్యుల వారు అడిగారు. ఊరికే ఇప్పించాం. ఆట మరీ తేలికైపోయిందని కంపెనీవాళ్ళు మొత్తుకున్నారు. ఇంకో ఆటలో దుష్టచక్రవర్తిని మేనమామని చేశాం. "మేనమామని చంపితే ఆయన కూతుర్ని ఎవరికిస్తారు? వరసైన వాడు ఇతనే కదా" అన్నారు హైమవతి గారు. ఇక చేసేది లేక ఆఖరి యుద్ధం తీసేసి నిశ్చితార్థం పెట్టించాం. మండలి ఆ ఏటి నివేదికలో దాన్ని 'ఘర్షణ రహిత పరిష్కారం' అని రాసుకుంది.

అప్పుడొచ్చింది 'ఏడు దీవుల గాథ'.

ఇదీ జపాన్ ఆటే. తెలియనివాళ్ళకి చెబుతున్నా: ఇలాంటి ఆటల్లో ఒక గుంపు లోకాన్ని కాపాడ్డానికి బయల్దేరుతుంది. దారిలో రాక్షసులెదురవుతారు. అందరూ వంతులవారీగా కొట్టుకుంటారు. ఒకడు కొట్టేదాకా రెండోవాడు మర్యాదగా ఆగుతాడు. ఈ పద్ధతి మా అధ్యక్షులకి చాలా నచ్చింది. శాసనసభలో కూడా ప్రవేశపెట్టవచ్చునన్నారు.

ఆటని తెలుగు చేసి, సగం పాత్రలకి గొంతు ఇచ్చినవాడు తారకేశ్ అని డబ్బింగ్ కళాకారుడు. కంపెనీ తరఫున మా ముందుకొచ్చింది కూడా అతనే. నలభైకి కాస్త అటూ ఇటూ ఉంటాడు. సన్నటి గొంతు, నెమ్మదైన మనిషి. తెర మీద నడుం తిప్పుకుంటూ నడిచే మగవాడు కనబడితే చాలు, ఊళ్ళోని స్టూడియోలన్నీ తారకేశ్‌కే ఫోన్ చేస్తాయట.

మొదటి రోజు బొటాన్ అనే పాత్ర మా పరిశీలనకి వచ్చింది. వేడినీళ్ళ స్నానశాల నడుపుతుంటాడు. కండలు తిరిగిన మనిషి, మీసాలు, పెదాలకి ఎర్రరంగు, ఒంటి మీద పూల అంగీ. కథానాయకుణ్ణి చూడగానే తారకేశ్ గొంతుతో "అబ్బ, ఏం భుజాలు నాయనా, ఎవరు పెంచారో గానీ" అంటూ వెంటపడతాడు. కథానాయకుడు కేకలు పెట్టుకుంటూ పారిపోతాడు. అధ్యక్షులు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. హైమవతి గారు పమిట నోటికి అడ్డం పెట్టుకున్నారు. "మళ్ళీ వెయ్యండి" అన్నారు అధ్యక్షులు. మళ్ళీ వేశాం. ఈసారి కింద టైల్స్ దుకాణం వాళ్ళు కూడా వచ్చి చూశారు.

"మరి ఇతను ఎవరికేమవుతాడు?" అని అడిగాను, నా ధర్మం గనక.

"హాస్యపాత్రలకు వరస మినహాయింపు" అన్నారు అధ్యక్షులు. "నవ్వించేవాడు ఎవరికీ ఏమీ కానక్కర్లేదయ్యా. నవ్విస్తే చాలు." అది ఏడో నియమానికి ఉపనియమమైంది. బొటాన్‌కి ఒక్క అభ్యంతరం కూడా రాలేదు.

రెండో రోజు జెన్, తోమా వచ్చారు. ఇద్దరూ సైనికులే. అల్లరి లేదు, పూల అంగీలు లేవు. మర్నాడు పెద్ద యుద్ధం. చలిమంట దగ్గర కూర్చుని తోమా, జెన్ తోలు తొడుగుకి పడిన చిరుగు కుడుతుంటాడు. కుట్టి, దారం పంటితో తెంపి అంటాడు: "రేపు మనలో ఒక్కడే మిగిలితే, ఆ మిగిలేవాణ్ణి నేను కాకూడదు."  జెన్ తన దుప్పటి సగం తోమా మీదికి లాగుతాడు. అంతే, దృశ్యం అయిపోతుంది. తోమా గొంతు తారకేశ్‌దే. కానీ నేను పోల్చుకోలేదు. అది అతని మామూలు గొంతు.

ఎవరూ నవ్వలేదు. అధ్యక్షులు కళ్ళజోడు పెట్టుకున్నారు.

"వీళ్ళిద్దరూ ఏమవుతారు?"

"జపాన్ వాళ్ళు కూడా చెప్పలేదండి" అన్నాడు తారకేశ్. "పక్కపక్కన కూర్చోబెట్టి వదిలేశారు. అర్థమయ్యేవాళ్ళకి అర్థమవుతుందని కాబోలు."

"మండలికి అర్థం కానిది ప్రజలకి అర్థం కావడానికి వీల్లేదు. ఆచార్యులు గారూ, మీరు వరస తేల్చండి."

ఆచార్యుల వారు ఆ దృశ్యాన్ని పదేపదే వేయించుకుని చూశారు. మేం ఒక్కొక్క వరసే అడుగుతూ వచ్చాం, వారు చెబుతూ వచ్చారు.

"అన్నదమ్ములా? ఇన్ని దీవులు కలిసి తిరిగాక ఒక్కసారైనా పొలం మాట రావాలి. రాలేదు. మేనమామా మేనల్లుడా? మేనమామయితే ఈపాటికి అలిగుండాలి. వియ్యంకులా? దుప్పటి చాలలేదని ఎవరో ఒకరు నిష్ఠూరమాడకుండా ఉంటారా?"

"పోనీ స్నేహితులనుకుంటే?" అన్నాను.

"స్నేహం వరస కాదు నాయనా. వరస కలవని వాళ్ళు చెప్పుకునే మాట అది."

బావామరుదులు అనేది అధ్యక్షుల వారి ఆలోచన. దానికి తోమాకి ఒక చెల్లెలు కావాలి. పాపం, తారకేశ్ చెల్లెల్ని పుట్టించాడు. వెంటనే హైమవతి గారు కుర్చీలో ముందుకి జరిగారు. "అంటే కట్టుకున్నదాన్ని ఇంట్లో వదిలేసి, ఆవిడ అన్నతో అడవులు పట్టి తిరుగుతున్నాడా? ఆ పిల్ల గతేం కాను?" మర్నాటికి ఆ పిల్లని చంపేశాం. "పోయిందా? మరి కర్మలు కూడా చెయ్యకుండా యుద్ధానికెలా వచ్చాడు?" అన్నారావిడ. "అసలు బావామరుదులు అంతసేపు వేళాకోళం లేకుండా ఎక్కడైనా కూర్చుంటారా? మీరు మరీనూ" అని ఆచార్యుల వారు కొట్టిపారేశారు.

చివరికి ఆయనే గొంతు సవరించుకున్నారు. "మిగిలేవాణ్ణి నేను కాకూడదంటున్నాడు చూశారూ, ఈ మాట నేను నలభై ఏళ్ళ నుంచి మా ఇంట్లో వింటున్నాను. పసుపు కుంకుమలతో పోవాలని మా ఆవిడ రోజూ దేవుడి దగ్గర మొక్కే మొక్కు ఇది. దీనికి సరిపోయే వరస ఒకటే ఉంది. అడిగారు గనక చెబుతున్నా."

"ఏమిటది?" అన్నారు అధ్యక్షులు, అడక్కుండా ఉండాల్సింది.

"ఆలుమగలు."

 అధ్యక్షులు వెంటనే నావైపు తిరిగి, "ఆచార్యుల వారి అభిప్రాయాన్ని గౌరవపూర్వకంగా నమోదు చెయ్యకండి" అన్నారు.

ఆ తర్వాత తోమాకి ఆడగొంతు పెట్టించి చూశాం. గొంతు ఆడదయింది గానీ గడ్డం గడ్డంలాగే ఉంది. పైగా బొటాన్ స్నానశాలలో తోమా చొక్కా లేకుండా కూర్చునే దృశ్యం ఒకటుంది. ఆడగొంతుతో ఆ దృశ్యం చూసి హైమవతి గారు లేచి బయటికెళ్ళిపోయారు. అదీ విరమించాం.

చివరికి అధ్యక్షులకి మెరుపులా ఆలోచన తట్టింది. "ఉపనియమం ఉండగా మనకెందుకయ్యా ఈ యాతన? ఈ ఇద్దర్నీ హాస్యపాత్రలు చేసేద్దాం. అదే దృశ్యం, అదే మాట, బొటాన్ గొంతుతో చెప్పించండి. వెనకాల ఓ బోయింగుమనే చప్పుడు వెయ్యండి. వచ్చే వారం మన వార్షికోత్సవం. ఈయనకి సన్మానం చేసి, వేదిక మీదే ఆ మాట చెప్పిద్దాం. సభ నవ్విందా, అక్కడికక్కడే ధ్రువపత్రం. నవ్వలేదా, ఆట నిషేధం."

 తారకేశ్ మెట్లు దిగి కింద టీ బండి దగ్గర నిలబడ్డాడు. నేనూ వెళ్ళాను. ఆ పూట నాకూ తల పగిలిపోతోంది.

"చిన్నప్పుడు నేనివే ఆటలు ఆడేవాణ్ణి సార్" అన్నాడు. "నాలాంటివాడు తెర మీదికొచ్చాడంటే, వాణ్ణి చూసి ఎవడో ఒకడు పారిపోయేవాడు. పక్కనున్న పిల్లలంతా నవ్వేవాళ్ళు. నేను అందరికంటే గట్టిగా నవ్వేవాణ్ణి, నా మీద అనుమానం రాకూడదని. ఇన్నేళ్ళూ అదే గొంతుతో అన్నం తింటున్నా. దానికి నాకేం బాధ లేదు. కానీ ఈ తోమా ఒక్కడు... వీణ్ణి చూసి ఎవరూ పారిపోలేదు సార్. ఈ ఒక్క మాటా నా గొంతుతో ఉండనివ్వండి. కావాలంటే బతికినంతకాలం బొటాన్‌లే చెబుతా."

"నా చేతుల్లో ఏముందయ్యా" అన్నాను. ఇరవయ్యేళ్ళ సర్వీసులో నేను అతి శ్రద్ధగా నేర్చుకున్న వాక్యం అది.

ఇంతలో స్కూటరు మీద ఒకాయన వచ్చి ఆగాడు. లావుపాటి మనిషి, లిఫ్టులు బాగుచేసే కంపెనీ చొక్కా. "వీడు భానోజీ సార్" అన్నాడు తారకేశ్. "మేమిద్దరం పటమటలో ఉంటాం."

అలవాటు చొప్పున నోరు జారింది. "మీకేమవుతారు?"

"ఇంకా మండలి తేల్చలేదంట కదండీ" అన్నాడు భానోజీ, స్కూటరు ఇంజను ఆపకుండానే.

వార్షికోత్సవం ఒక కళ్యాణమండపంలో పెట్టాం. భోజనాలున్నాయని ముందే చెప్పడం వల్ల హాలు నిండింది. జ్యోతి ప్రజ్వలన అయింది. అధ్యక్షుల వారి ప్రసంగం అయింది, అయిందనుకున్నాక మళ్ళీ కాసేపు సాగింది. "హాస్యమా కాదా అన్నది ఇవాళ ప్రజాక్షేత్రంలో తేలుతుంది. ఈ వేదిక మీది నుంచి మైకులో ప్రకటించిందే మండలి తుది తీర్మానం, తిరుగులేదు" అని ముగించారు. తారకేశ్‌ని పిలిచి బొటాన్ మాటలు రెండు చెప్పించాం. హాలు ఊగిపోయింది. ఎవరో ఈల కూడా వేశారు.

తర్వాత సన్మానం. హైమవతి గారు మైకందుకున్నారు. మన సన్మానాల పద్ధతి మీకు తెలిసిందే, మగవాణ్ణి ఒక్కణ్ణీ కూర్చోబెట్టి శాలువా కప్పరు. "సన్మాన గ్రహీతని సతీసమేతంగా ఆసీనులు కావలసిందిగా కోరుతున్నాం" అన్నారావిడ. ఆమె చేతిలో పళ్ళెం, పళ్ళెంలో చీర, జాకెట్టు గుడ్డ, పసుపు కుంకుమ, రెండు అరటిపళ్ళు.

తారకేశ్ ఒక్క క్షణం ఆగాడు. తర్వాత వెనక వరసలోకి చూసి, రమ్మని చెయ్యి ఊపాడు. భానోజీ లేచాడు. వద్దన్నట్టు తల ఊపాడు. మళ్ళీ పిలిచాడు తారకేశ్. ఆ లావుపాటి మనిషి చెమటలు కక్కుకుంటూ మెట్లెక్కి వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు.

హాలంతా విరగబడి నవ్వింది. ఇదీ బొటాన్ వేషమే అనుకున్నారు. అధ్యక్షులు కూడా తొడ మీద కొట్టుకుని నవ్వారు. "బ్రహ్మాండం. రిహార్సలు వేశారా ఏమిటి?" అని నన్నడిగారు.

హైమవతి గారు మాత్రం పళ్ళెం పట్టుకుని చిక్కులో పడ్డారు. ఇటు చూస్తే మీసాల మనిషి, అటు చూస్తే కెమెరా. "పసుపు కుంకుమ పెట్టి తెచ్చిన పళ్ళెం వెనక్కి తీసుకెళ్ళకూడదండీ, అరిష్టం" అని గొణిగి, దాన్ని భానోజీ చేతుల్లో పెట్టేశారు. అతను రెండు చేతులూ చాచి తీసుకున్నాడు. అధ్యక్షులు తారకేశ్‌కి శాలువా కప్పారు. ఇంకా నవ్వు.

"ఇప్పుడు ఆ మాట చెప్పండి" అన్నారు అధ్యక్షులు. బోయింగు చప్పుడు వేసేవాడు సిద్ధంగా ఉన్నాడు.

తారకేశ్ మైకు తీసుకుని పక్కకి తిరిగాడు. సభ వైపు చూడలేదు. తన మామూలు గొంతుతో అన్నాడు: "రేపు మనలో ఒక్కడే మిగిలితే, ఆ మిగిలేవాణ్ణి నేను కాకూడదు."

బోయింగుమంది. జనం నవ్వారు. అతను నవ్వు ఆగేదాకా ఓపిగ్గా ఉన్నాడు. ఆగాక అదే మాట మళ్ళీ అన్నాడు, ఇంకా నెమ్మదిగా. ఈసారి ముందు వరసల్లో ఇద్దరు ముగ్గురు నవ్వబోయి, పక్కవాళ్ళని చూసి ఆగిపోయారు. చప్పుడు వేసేవాడు చెయ్యి మీట మీదే పెట్టుకుని నొక్కడం మర్చిపోయాడు.

భానోజీకి నటన రాదు. చీర పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, తల వంచుకుని, "పిచ్చి మాటలాడకు. ఇంటికెళ్దాం పద" అన్నాడు. మైకు దగ్గరగా ఉండడంతో ఆ మాట హాలంతా వినబడింది.  అంటూనే, తారకేశ్ భుజం మీంచి శాలువా జారుతుంటే సర్ది, అంచు లోపలికి దోపాడు.

అంత పెద్ద హాల్లో పిల్లల అలికిడి కూడా లేదు. ముందు వరసలో ఆచార్యుల వారి భార్య కొంగుతో కళ్ళొత్తుకున్నారు. ఆచార్యుల వారు ఆవిడ వైపు చూసి, మళ్ళీ వేదిక వైపు చూశారు.

అధ్యక్షులు నా చెవి దగ్గరికి వంగారు. "ఇందాకటిదాకా బాగానే ఉంది కదయ్యా. ఎక్కడ చెడింది?"

"నవ్వు ఆగిపోయిందండి."

"అంటే ఇప్పుడు హాస్యం కాదా?"

"కాదండి. మినహాయింపు వర్తించదు. వరస చెప్పాలి, లేకపోతే నిషేధం."

వారు జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నారు. వరస ఏమిటో వారికి తెలుసు. చెబితే ఒక గొడవ, చెప్పకపోతే ఏడుపు మొహాలతో కూర్చున్న ఇంతమంది ముందు ఆట నిషేధమనాలి, అదింకో గొడవ. జీవితమంతా ఔననీ కాదనీ అనని మనిషి, ఇప్పుడేమంటారు పాపం. "వందన సమర్పణ చేసెయ్యండి, త్వరగా" అన్నారు నాతో. "వడ్డనలు మొదలుపెట్టమనండి."

వందన సమర్పణ నా పనే. ఏటేటా నేనే చేస్తాను, ఏటేటా ఎవరూ వినరు. మైకు దగ్గరికి వెళ్ళాను. అధ్యక్షుల వారికి, సభ్యులకి, మండపం యజమానికి, మైకు సెట్టు వారికి, వంటవారికి, పాత్రికేయ మిత్రులకి పేరుపేరునా చెప్పుకుంటూ వచ్చాను. నా గొంతు నాకే ఎక్కడో దూరంగా వినబడుతోంది.  ఇంక సన్మాన గ్రహీతలు మిగిలారు. కుర్చీల్లో ఇద్దరూ అలాగే కూర్చుని ఉన్నారు. మన సభల్లో ఈ చోట వాడే మాట ఒకటుంది. వందల సార్లు అన్నాను, ఏనాడూ దాని గురించి ఆలోచించలేదు.

"చివరిగా, మన ఆహ్వానాన్ని మన్నించి విచ్చేసి, ఈ సత్కారాన్ని స్వీకరించిన శ్రీ తారకేశ్, శ్రీ భానోజీ దంపతులకు మండలి తరఫున ధన్యవాదాలు" అన్నాను.

ఎవరూ నవ్వలేదు.